ఒకే ఒక్క లిఫ్టు ఉన్న ఊరు

లిఫ్టాయన కాపురం నేలకు కాస్త దిగువన ఉండేది. వీధిలోంచి మెట్లు దిగితే వరండా, వరండాలోంచి ఇంకో మెట్టు దిగితే ఇల్లు. ఇంటికి కిటికీ లేకపోలేదు. కాకపోతే అది సరిగ్గా వీధి మట్టానికి ఉండటం వల్ల అందులోంచి చూస్తే మనుషులు కనపడరు, చెప్పులు కనపడతాయి. ఆయన కూతురు ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఇరుగుపొరుగు వాళ్లందరినీ చెప్పుల్ని బట్టి గుర్తుపట్టేంత విద్వత్తు సంపాదించింది. ఎదురింటి టీచరుగారు కొత్త చెప్పులు కొన్న వారం మాత్రం, ఎవరో తెలియని ఆవిడ ఆ ఇంట్లో దూరిందని కంగారుపడింది.

పగలంతా లిఫ్టాయన చేసే పని ఆకాశహర్మ్యాల్లో లిఫ్టులు బాగుచెయ్యడం. పొద్దున్నే భూగర్భంలోంచి బయల్దేరి, మధ్యాహ్నానికి మేఘమండలం చేరుకుని, సాయంత్రానికి మళ్లీ భూగర్భంలోకి దిగేవాడు. పురాణపురుషులకు తప్ప మామూలు మనిషికి దక్కని సంచారం అది. వాళ్లకు లేనిదీ ఈయనకున్నదీ రైలు పాసు ఒక్కటే.

పెళ్లయిన కొత్తలో వాళ్లు నగరం నడిబొడ్డునే ఉండేవారు. అద్దె పెరిగినప్పుడల్లా రైలు మార్గం వెంట ఒకటి రెండు స్టేషన్లు వెనక్కి జరుగుతూ వచ్చారు. నగరం నిలువుగా పెరుగుతుంటే వాళ్ల దూరం అడ్డంగా పెరిగింది. ఆయన ఎంత ఎత్తు భవనానికి లిఫ్టు నడిపిస్తే, ఆ వీధిలో అద్దెలు అంత పైకి పోయేవి. ఈ విషయం ఆయన భార్య ఎప్పుడో కనిపెట్టింది.

"ఇంకోసారి జరిగామంటే పట్టాలు అయిపోతాయండీ," అంది. "అక్కణ్నుంచి మీరు నడిచి రావాలి."

ఆవిడ ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని కర్టెన్లూ, దిండు గలేబులూ కుట్టేది. ఎవరెవరి ఇళ్ల కిటికీలకో తెరలు కుట్టీ కుట్టీ ఆవిడకి కిటికీల మీద ఒక అభిప్రాయం ఏర్పడింది. దాన్ని భర్తకి చెప్పని రోజు లేదు.

ఇంటి ఓనరమ్మ మాటకారి కాదు. మామూలు రోజుల్లో "కుళాయి కట్టేశారా?" అన్న ప్రశ్న తప్ప ఆవిడ నోటివెంట ఇంకోటి వచ్చేది కాదు. అందుకే ఆవిడ కుశలమడిగిందంటే భయం వేసేది. "పిల్ల బాగా చదువుతోందా?" అని అడిగితే అద్దె పెరిగిందన్నమాట. "మీవారి నడుం నొప్పి ఎలా ఉంది?" అని కూడా అడిగితే బాగా పెరిగిందన్నమాట. ఆ ఏడు ఆవిడ మెట్లు దిగి వచ్చి, పిల్ల చదువు అడిగి, నడుం నొప్పి అడిగి, అంతటితో ఆగక, "మీ అమ్మగారి మోకాళ్లు ఎలా ఉన్నాయమ్మా?" అంది.

లిఫ్టాయన భార్య మిషను ముందు స్టూలు మీద కూలబడింది. "ఎంతో చెప్పెయ్యండి పిన్నిగారూ. మా అమ్మ మోకాళ్ల జోలికి వెళ్లకండి."

ఈ సంక్షోభ సమయంలో రంగప్రవేశం చేసినవాడు ఆవిడ తమ్ముడు. చిన్న ఊళ్లో రంగుల కొట్టు నడిపేవాడు. తన ఊరు ఎదిగిపోతోందని కనపడ్డవాళ్లందరికీ చెప్పడం వల్ల అతన్ని ఊళ్లో 'అభివృద్ధి' అని పిలిచేవారు. వెక్కిరింతకి పెట్టిన పేరే అయినా అతను దాన్ని బిరుదుగా స్వీకరించాడు. అక్కని చూడటానికి వచ్చి, తల వంచుకుని లోపలికి దిగి, తల ఎత్తబోయి దూలానికి కొట్టుకున్నాడు.

"బావా, దీన్ని ఇల్లంటావా నువ్వు? నేను రంగు డబ్బాలు పెట్టుకునే గది ఇంతకంటే నయం. దానికి రెండు కిటికీలు."

"డబ్బాలకి గాలెందుకురా?"

"మనుషులకి ఎందుకు లేదో అది చెప్పు ముందు. మా ఊరొచ్చెయ్. మేడ మీద వాటా, ముందు డాబా, మూడు వైపులా గాలి. ఇక్కడి అద్దె చూపిస్తే మా ఊళ్లో ఇంటివాళ్లు నీకు దండం పెడతారు."

"మరి పనో? మీ ఊళ్లో నిచ్చెనలే గానీ లిఫ్టులెక్కడివి?"

"అక్కడే పొరబడ్డావ్. మెయిన్ రోడ్డులో నాలుగంతస్తుల ఫర్నిచర్ షోరూం లేచింది, లిఫ్టుతో సహా. దాని వెనకాల ఆసుపత్రి కడుతున్నారు. సినిమాహాలు పక్కన హోటలుకి పునాదులు తవ్వారు. ఏడాది తిరిగేసరికి నువ్వు ఇద్దరు అసిస్టెంట్లని పెట్టుకోకపోతే నన్నడుగు."

లిఫ్టాయన ఆలోచనలో పడ్డాడు. నగరంలో ఎందుకుంటున్నారయ్యా అంటే పని కోసం అంటారు. అంత పని ఎందుకయ్యా అంటే అద్దె కట్టాలి కదా అంటారు. ఈ వాదనలో లోపలికి వెళ్లడానికి తప్ప బయటికి రావడానికి తలుపు లేదని ఆయనకి ఆ పూట అర్థమైంది. తలుపుల గురించి ఆయనకి బాగా తెలుసు. కంపెనీలో రాజీనామా ఇచ్చాడు. సూపర్‌వైజరు చెయ్యి కలిపి, "పోయిరా. నీ స్టూలు ఎవరికీ ఇవ్వను," అన్నాడు. ఆశీర్వాదంలా అన్నా, వినడానికి శాపంలా ఉంది.

కొత్త ఇల్లు అభివృద్ధి చెప్పినట్టే ఉంది. అతని జీవితంలో చెప్పినట్టే ఉన్న వస్తువు అదొక్కటే. లిఫ్టాయన భార్య సామాను సర్దకుండా, వచ్చిన రోజు సగం కిటికీ దగ్గరే నిలబడింది.

"ఏమండీ," అంది ఆశ్చర్యంగా. "ఇక్కడ మనుషులకి మొహాలున్నాయి."

కూతురికి సొంత గది దొరికింది. దాని తలుపు మూసి, తీసి, మళ్లీ మూసి చూసుకుంది. నగరంలో సైకిలు నేర్చుకునే చోటు లేదు, ఇక్కడ ఇంటి ముందే ఖాళీ రోడ్డు. "నాన్నా, నువ్వే నేర్పాలి, మామయ్య వద్దు, మామయ్య పట్టుకుని వదిలేస్తాడు," అని ముందే మాట తీసుకుంది.

షోరూంలో లిఫ్టాయనకి ఉద్యోగం వచ్చింది. ఆ లిఫ్టుకి ఊళ్లో ఉన్న గౌరవం చూసి ఆయనే తెల్లబోయాడు. జనం కుర్చీ కొనడానికి కాదు, లిఫ్టు ఎక్కడానికి వచ్చేవారు. కొందరు పెద్దవాళ్లు చెప్పులు బయట విడిచి ఎక్కేవారు. పైకెళ్లాక మంచాల విభాగంలో కాసేపు పడుకుని, కిందికొచ్చి చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయేవారు. షోరూం ఓనరు లిఫ్టులో ఒక సోఫా వేయించాడు. అది ఎంత బరువో, ఎందుకు పనికిరాదో చెప్పి తీయించడమే అక్కడ లిఫ్టాయన సాధించిన మొదటి ఘనకార్యం.

ఆ తర్వాత ఆయన తనకి తెలిసిన పని మొదలుపెట్టాడు. రోజూ పొద్దున క్యాబిన్ పైకెక్కి చెవి ఒగ్గి వినేవాడు. బిగించాల్సింది బిగించి, తుడవాల్సింది తుడిచేవాడు. లిఫ్టు పిల్లిలా చప్పుడు లేకుండా తిరగడం మొదలుపెట్టింది. ఇది ఆయన చేసిన పెద్ద పొరపాటు.

ఈలోగా ఆసుపత్రి మొదటి శ్లాబు దగ్గర ఆగిపోయింది. డాక్టరుగారికీ ఆయన తమ్ముడికీ వాటాల్లో తేడా వచ్చిందట. హోటలు పునాదుల్లో వాననీళ్లు చేరి, కప్పలు కాపురం పెట్టాయి. "అన్నీ తాత్కాలికం బావా," అన్నాడు అభివృద్ధి. కప్పలు అలా అనుకోవడం లేదని వాటి అరుపుల్ని బట్టి తెలుస్తూనే ఉంది.

అంటే ఆ ఊళ్లో ఉన్నది ఒకే ఒక్క లిఫ్టు. మేడ మీద వాటా, మూడు వైపుల గాలి, కూతురి గది, భార్య కిటికీ, అన్నీ కలిసి ఆ ఒక్క లిఫ్టు తాళ్లకే వేలాడుతున్నాయి.

ఒకరోజు ఓనరు ఆయన్ని కౌంటరు దగ్గరికి పిలిచాడు.

"ఏమయ్యా, రోజూ వస్తున్నావు, పోతున్నావు. ఏం చేస్తున్నావసలు?"

"లిఫ్టు పాడవకుండా చూస్తున్నానండి."

"పాడవలేదుగా?"

"అందుకేనండి."

"ఎందుకే?"

"నేను చూస్తున్నాను కాబట్టి పాడవలేదండి."

ఓనరు ఈ వాక్యాన్ని నోట్లో వేసుకుని చప్పరించినట్టు చూశాడు. "మా వాచ్‌మన్ కూడా ఇదే అంటాడు. దొంగలు రాలేదు, నేనుండబట్టే అంటాడు. వాడికైతే కనీసం ఈల ఉంది." గల్లాపెట్టె మూస్తూ, "వచ్చే నెల సంగతి ఆలోచిద్దాంలే," అన్నాడు.

ఇంటికొచ్చి చెప్పాడు. భోజనానికి కూర్చున్న అభివృద్ధి వెంటనే పథకం చెప్పాడు. అతనికి ఆకలీ పథకమూ ఒకేసారి వస్తాయి.

"నెలకోసారి మధ్యలో ఆపెయ్ బావా. ఎక్కువసేపు అక్కర్లేదు. లోపల ఎవరో ఒక పెద్దమనిషి ఉండేలా చూసుకో. అరుపులు వినపడాలి. అప్పుడు నువ్వు స్పానరు పట్టుకుని పరిగెత్తాలి."

"లోపలివాడికి గుండె ఆగితే?"

"ఆసుపత్రి కడుతున్నారుగా."

"నోర్మూసుకుని తిను," అన్నాడు లిఫ్టాయన. "ఆగినదాన్ని నడిపించడమే నా పని. నడిచేదాన్ని ఆపి కూడు తినాల్సిన ఖర్మ నాకు పట్టలేదు."

ఆయన భార్య ఏమీ అనలేదు. ఏ విషయంలోనైనా ఆవిడ ఏమీ అనలేదంటే అది మంచి శకునం కాదు. కానీ ఆయన ఆ పూట తన మాటల గాంభీర్యానికి తనే ముగ్ధుడై ఉన్నాడు కాబట్టి గమనించలేదు.

ఆవిడ షోరూంకి దిండు గలేబులు కుట్టి ఇస్తోంది. ఆ వారం గలేబుల మూట పట్టుకుని పై అంతస్తుకి వెళ్లింది, ఇచ్చింది, కిందికొచ్చింది. క్యాబిన్ దిగుతూ కొంగు సర్దుకున్నట్టు వంగి, తలుపు జరిగే గాడిలో ఒక పెద్ద కోటు గుండీ వేసి ఇంటికి నడిచింది. లిఫ్టు మెకానిక్‌తో ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషికి మోటారు సంగతి తెలియకపోవచ్చు. కానీ గాడిలో చిన్న వస్తువు అడ్డుపడితే తలుపు మూసుకోదని, తలుపు మూసుకోకపోతే లిఫ్టు కదలదని, లోపల ఎవరూ ఇరుక్కోరని తెలుస్తుంది. రాత్రి భోజనాల దగ్గర ఆ ఇంట్లో జరిగే సంభాషణ అంతా ఇదే మరి.

తలుపు సగం దాకా వచ్చి, ఏదో మర్చిపోయినట్టు ఆగి, వెనక్కి వెళ్లింది. మళ్లీ వచ్చింది, మళ్లీ వెళ్లింది. జనం మూగారు. పై అంతస్తులో మంచం మీద కునుకు తీస్తున్న ఒకాయన లేచి, మెట్లు దిగాలా అని గగ్గోలు పెట్టాడు. ఓనరు మొహంలో రంగులు మారాయి. "పిలవండయ్యా వాణ్ని!" అని అరిచాడు. లిఫ్టాయన భార్య కోరుకున్నది అక్షరాలా ఇదే. ఇక్కడిదాకా ఆవిడ లెక్క ఎక్కడా తప్పలేదు.

లిఫ్టాయన వచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి, వంకర తీగ ఒకటి గాడిలోకి పోనిచ్చాడు. గుండీ బయటికొచ్చింది. ముదురు గోధుమరంగు, నాలుగు చిల్లులు. అది తన పాత కోటుదేనని ఆయన పోల్చుకున్నాడు. పోల్చుకునేలోపే చెయ్యి చెయ్యాల్సిన పని చేసేసింది.

నగరంలో లిఫ్టు కంపెనీలవాళ్లకి ఒక మర్యాద ఉంది. యంత్రంలోంచి ఏది బయటికి తీసినా అరచేతిలో పెట్టి కస్టమరుకి చూపించాలి. చూపించకపోతే లేని రోగానికి బిల్లు వేశారంటారు. ఆ అలవాటు కొద్దీ లిఫ్టాయన ఇన్నేళ్లుగా మాడిపోయిన బల్బులూ, అరిగిపోయిన బేరింగులూ, ఒకసారి చచ్చిన బల్లినీ ఎంతోమందికి వినయంగా చూపించాడు. ఇప్పుడూ అలాగే, షోరూం ఓనరు ముక్కు కింద అరచెయ్యి చాపాడు.

ఓనరు వంగి చూశాడు. "ఏమిటిది?"

"గుండీ అండి."

"గుండీ అని నాకూ తెలుసు. రోగమేమిటి?"

"ఇదేనండి."

"ఇంతేనా?"

"ఇంతేనండి."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఓనరు నేల తుడిచేవాణ్ని పిలిచాడు. "ఏరా, ఈ సందులో రోజూ చీపురు పెట్టగలవా?"

"పెడతానండయ్యా. నూనె కూడా వేస్తాను, కావాలంటే."

"చూశావా?" అన్నాడు ఓనరు లిఫ్టాయనతో. గొంతులో కోపం లేదు, జ్ఞానోదయమే ఉంది. "నెలాఖరు దాకా రా. తర్వాత వీడు చూసుకుంటాడు."

ఆ సాయంత్రం మేడ మీద వాటాలో మూడు వైపులా గాలి ఆడింది గానీ ఎవరికీ ఊపిరాడలేదు.

"మీరెందుకు చూపించారండీ?"

"చూపించాలి."

"ఎవరన్నారు?"

"కంపెనీ."

"ఏ కంపెనీ? మనం వదిలేసి వచ్చిన కంపెనీయా?" ఆవిడ కత్తెర బల్ల మీద పడేసింది. "గుప్పిట్లో దాచుకుని, మొహం గంభీరంగా పెట్టి, 'మెయిన్ బోర్డు పోబోయిందండీ, సమయానికి నేనున్నాను' అంటే మీ నోరు అరుగుతుందా?"

"ముందు నాకో మాట చెప్పాల్సింది."

"చెబితే వెయ్యనిచ్చేవారా?"

"లేదు."

"అందుకే చెప్పలేదు."

"పైగా నా కోటు గుండీ తీశావు."

"ఆ కోటు మీరు వేసుకుని ఎన్నేళ్లయింది?" అంది ఆవిడ. ఆ తర్వాత ఏడ్చింది. కోటు కోసం మాత్రం కాదు.

లిఫ్టాయన ఊళ్లో వేరే పని వెతికాడు. కిందికీ పైకీ కదిలే వస్తువు ఇంకేదైనా ఉందా అని చూశాడు. బావి గిలకా, బడి ముందు జెండా తాడూ కనిపించాయి. రెండూ బాగానే ఉన్నాయి. అభివృద్ధి తన కొట్లో కూర్చోమన్నాడు. కొట్టుకి వచ్చే బేరం అభివృద్ధి ఒక్కడికే చాలడం లేదు, అతని మాటలు వినడానికి మాత్రం ఒక మనిషి కావాలి.

చివరికి కంపెనీకి ఫోను చేశాడు. సూపర్‌వైజరు ఎంత సంతోషించాడంటే, లిఫ్టాయనకి ఫోను పెట్టెయ్యాలనిపించింది.

"నేను రాను," అంది భార్య. "మీరు వెళ్లండి, తప్పదు. నేనూ పిల్లా మాత్రం ఆ మెట్లు మళ్లీ దిగం. చెప్పులు చూస్తూ బతకలేను నేను."

ఇద్దరూ నిజమే చెబుతున్నారు కాబట్టి పోట్లాట ఎంతసేపైనా తేలలేదు. పని ఉన్నచోట ఉండటానికి వీల్లేదు, ఉండటానికి వీలున్నచోట పని లేదు. కాపురాన్ని రెండుగా కోసి చెరో ఊళ్లో పెట్టడమే మిగిలింది.

నగరంలో మళ్లీ ఇల్లు తీసుకునే ప్రసక్తి లేదు. అన్నింటికంటే ఎత్తైన భవనానికి నెత్తిన లిఫ్టు మోటారు గది ఉంది. సూపర్‌వైజరు కళ్లు మూసుకుంటానన్నాడు. లిఫ్టాయన అందులో చాప వేశాడు. ఆ విధంగా ఆ మహానగరంలో అందరికంటే ఉన్నతస్థానంలో నివసించే పౌరుడయ్యాడు. సరిగ్గా ఆయన కిందనున్న ఇంటి ఖరీదు గురించి పత్రికల్లో రాశారట. దాన్ని కొన్నవాడు తాళం వేసుకుని వెళ్లిపోయాడు. ఇంకో నగరంలో అద్దెకుంటున్నాడని వాచ్‌మన్ చెప్పాడు. ఎవరు లిఫ్టు బటన్ నొక్కినా లిఫ్టాయన తల పక్కనే మోటారు గర్జించేది. ఆ భవనంలో ఎవరు ఎన్నింటికి ఇంటికి చేరుకుంటున్నారో ఆయనకి తెలిసినంతగా వాళ్ల భార్యలకి కూడా తెలియదు.

వారానికోసారి, ఆదివారం పూట, ఇంటికి వచ్చేవాడు. పొద్దున దిగి సాయంత్రం మళ్లీ బండెక్కాలి. కూతురికి సైకిలు నేర్పడం ఆ కాస్త వ్యవధిలోనే జరుగుతోంది. ఇప్పటికి రోడ్డు మలుపు దాకా వెళ్లగలుగుతోంది. మలుపు తిరగడం ఇంకా రాలేదు.

ఒక ఆదివారం స్టేషను బయట షోరూం ఓనరు నిలబడి ఉన్నాడు. చేతులు కట్టుకుని కూడా ఉన్నాడు.

"లిఫ్టు అంతస్తుకి మూరెడు కింద ఆగుతోందయ్యా. నిన్న మా వియ్యపురాలిని ఇద్దరు చంకలు పట్టుకుని పైకి లాగాల్సి వచ్చింది."

"బ్రేకు దగ్గర ఎవరైనా నూనె వేశారా?"

"కీచుమంటోందని మా నేల తుడిచేవాడు వేశాడు. శ్రద్ధగానే వేశాడు."

"బ్రేకుకి నూనె వెయ్యకూడదండి."

"అవునా?" అన్నాడు ఓనరు, ఇంత ముఖ్యమైన సంగతి ప్రపంచం తన దగ్గర దాచిపెట్టినట్టు.

"ఈ ఒక్కపూట ఇంటికొచ్చానండి."

"మీ ఇంటి దారిలోనే కదయ్యా షోరూం."

ఇంటి ముందు కూతురు సైకిలు పట్టుకుని ఉంది. లిఫ్టాయన సంచి ఇచ్చి పనిముట్లు తీసుకోవడం చూసింది.

"ఆదివారం కూడా లిఫ్టేనా నాన్నా?"

"గంటలో వస్తానమ్మా."

గంటలో అయ్యే పని కాదని ఇద్దరికీ తెలుసు. "మామయ్య నేర్పుతానన్నాడులే," అంది కూతురు. ఆ మాటలో నిష్ఠూరం లేకపోవడమే ఆయనకి బాగా తగిలింది.

నూనె పీల్చిన బ్రేకు పట్టీలు తీసి పారేసి, లిఫ్టు కొన్నప్పుడు దాంతోపాటు వచ్చి షోరూం గోదాములో పడున్న కొత్తవి వెతికి పట్టుకుని, బ్రేకు డ్రమ్ము రుద్ది రుద్ది తుడిచి, బిగించి, ఖాళీగా తిప్పి, బరువు పెట్టి తిప్పాడు. మొదట చిరాగ్గా మొదలుపెట్టాడు. సగంలో చిరాకు మర్చిపోయాడు. ఆయనకున్న జబ్బు అదే. సాయంత్రానికి క్యాబిన్ ప్రతి అంతస్తు దగ్గరా గీత గీసినట్టు ఆగింది. అప్పుడు చేతులు తుడుచుకుంటూ, ఇన్నేళ్లలో ఎవరినీ అడగని మాట అడిగాడు.

"నన్ను మళ్లీ పెట్టుకోండి సార్."

ఓనరు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "ఇప్పుడు నువ్వు చేసింది ఎంతకాలం ఆగుతుంది?"

"దాని జోలికి ఎవరూ పోకపోతే ఏడాది దాకా ఢోకా లేదండి."

ఇంటికొచ్చేసరికి బండికి ఎంతో వ్యవధి లేదు. భార్య పళ్లెం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"అడిగారా?"

"అడిగాను."

"ఏమన్నాడు?"

"ఏడాదికి కలుద్దామన్నాడు."

"ఏడాదికా? ఏడాదని ఎవరు చెప్పారాయనకి?"

"నేనే. అడిగాడు మరి."

"ఓ రెండు నెలలు ఆగేలా బాగుచెయ్యడం చాతకాదా మీకు?"

లిఫ్టాయన ముద్ద చేత్తో పట్టుకుని ఈ ప్రశ్నని వృత్తిపరంగా పరిశీలించాడు. ఏ మర సగం బిగించాలి, ఏది వదిలెయ్యాలి, ఎక్కడ తుడవకుండా ఉంచాలి. చెయ్యి ఎక్కడా ఒప్పుకోలేదు.

"రాదే," అన్నాడు.

"ఆ చొక్కా విప్పి ఇలా ఇవ్వండి. నూనె మరకలు. రైల్లో పక్కన ఎవరూ కూర్చోరు."

వీధిలో అభివృద్ధి "పట్టుకునే ఉన్నా, పట్టుకునే ఉన్నా," అని అరుస్తూ పరిగెత్తుతున్నాడు. ఆవిడ చొక్కా ఉతికి పిండింది. ఆరడానికి వేళ లేదు. లిఫ్టాయన వేరే చొక్కా తొడుక్కుని, తడి చొక్కాని ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టుకుని స్టేషనుకి నడిచాడు. మోటారు గదిలో వేడికి బట్టలు తొందరగా ఆరతాయి. ఆ ఇంట్లో ఉన్న సదుపాయం అదొక్కటే.